గాలికెదురు నడిచిన తెల్ల మోడు

ఫొటో తీయడం ఎలాగో చెప్తానంటే మీరు నవ్వుతారని తెలుసు. మీ తరంవాళ్లు నడక నేర్చే ముందే ఫోను పట్టడం నేర్చారు. అయినా బోటు నడపబోయేవాళ్లు, ఓడ ఎక్కబోయేవాళ్లు చదువుతారని చెప్పి నాచేత ఇది రాయిస్తున్నారు కాబట్టి, ముందు ఆ ముక్క చెప్పి తర్వాత అసలు సంగతికి వస్తాను.

నీళ్ల మీదనుంచి ఒడ్డును ఫొటో తీసేది అందం కోసం కాదు. మన వెనక ఆ దారిన వచ్చేవాడి కోసం. ఒక గుట్ట, ఒక పొగగొట్టం, ఒక పాత బురుజు ఏ దిక్కునుంచి చూస్తే ఎలా కనబడుతుందో వాడికి ముందే తెలియాలి. అందుకని ఫొటో కింద మనం ఎక్కడ నిలబడి తీశామో, ఆ గుర్తు మనకు ఏ దిక్కున, ఎంత దూరంలో ఉందో, ఆ పూట నీటిమట్టం ఎంతో రాయాలి. కొత్తగా బయటపడ్డ రాయి, ఆరిపోయిన దీపం, పటంలో ఒకలా, మనం లోతు చూసే తాడుకు ఇంకోలా తగిలిన లోతు, అన్నీ పటాలు గీసే కార్యాలయానికి తెలియజేయాలి. నేను ఓడల మీద ఉన్నన్నాళ్లూ ఈ పని నాకే అంటగట్టేవారు. అది నా ప్రతిభ అనుకునేరు. మిగతా పనులు నాకిస్తే ఓడకు ప్రమాదమని మా మొదటి కెప్టెను కనిపెట్టాడు, అంతే. ఆ రోజుల్లో నేను తీసిన ప్రతి ఫొటోలోనూ ఒక మూల గులాబీరంగు కొండ ఒకటి లేచి ఉండేది. ఏ పటంలోనూ దొరకని ఆ కొండ నా బొటనవేలు.

నేను పుట్టింది రాజోలి దగ్గర, తుంగభద్ర పక్కన. సముద్రం లేని జిల్లాలో పుట్టి తీరాల తీరు చూసే కొలువు చేశాను. ఎన్ని తీరాలు చూసినా ఇంటికి వచ్చే తీరిక దొరికేది కాదు. చివరికి కొలువు తీరి గద్వాలలో స్థిరపడితే, మా ఊరివాళ్లు చూడవచ్చి “ఓడ యాడ వెట్టొచ్చినవ్?” అని అడిగారు, బస్టాండులో సైకిలు మరిచిపోయి వచ్చినట్టు. నాకు తెలిసిన విద్యకు గద్వాలలో గిరాకీ లేదు. కుడి ఎడమలకు ఓడవాళ్ల పేర్లు వేరే ఉంటాయని చెప్పబోతే మా కూరగాయలామె “జర పక్కకు జరుగు సారు” అనేది. ఏ పక్కకో చెప్పేది కాదు.

అలా ఒడ్డున పడ్డవాణ్ని మళ్లీ నీళ్లలోకి దింపింది ఒక ఫోను. కొల్లాపూర్ దిగువన కృష్ణ వెనుకనీళ్లు మీకు తెలుసు. డ్యాం నిండితే గుట్టల సందుల్లోకి చేతులు చాపుకొని పడుకుంటుంది ఏరు. అటు గట్టుకీ ఇటు గట్టుకీ బోట్లు తిరుగుతాయి. ఆ బోట్లవాళ్ల కోసం ఒడ్డు గుర్తుల ఫొటోలతో దారి షీట్లు తయారుచేయాలన్నారు. ఆ పని చూసే ఆఫీసరు వనపర్తి అమ్మాయి, నా వయసులో సగం కూడా ఉండదు. అందరూ మేడం అంటారు, నేనూ అన్నాను. ఫోనులోనే చెప్పింది: “సార్, సముద్రమంత పని గాదు. ఓ పది పదిహేను షీట్లు. మీకు టైంపాస్ అయితది.”

టైము నిజంగానే పాసైంది. నేను ఫెయిలవబోయాను.

నన్ను నీళ్ల మీద తిప్పడానికి ఒక బోటు డ్రైవరును ఇచ్చారు. లింగాల మనిషి, నలభై దాటినవాడు. పొద్దున, సాయంత్రం జనాన్ని అటూ ఇటూ దాటిస్తాడు, మధ్యాహ్నం నా పని. బోటు పట్టకముందు బొంబాయిలో తట్టలు మోశాడట. “పదో అంతస్తు మీద కట్టె మీద నిలవడి సున్నం గొట్టిన సారు. గా కట్టె కన్న గీ నీళ్లే నయం, పడితే ఈదొచ్చు” అన్నాడు మొదటిరోజే. తాగడు. నా టీ కూడా తాగేవాడు కాదు, అందులో నేను చక్కెర వేసుకునే తీరు చూసి భయపడి.

డ్యాం నిండుగా ఉంది. వానలు వెనకబట్టాయి. ఎర్రనీళ్లు తేరుకుని ఆకుపచ్చకు తిరుగుతున్నాయి. మధ్యాహ్నం పూట గాలి పడిపోతే ఆ నీళ్ల మీద గుట్టలు తలకిందులుగా నిలబడేవి, అసలు గుట్టలకన్నా స్పష్టంగా. సముద్రం ఎప్పుడూ ఏదో ఒకటి గొణుగుతూ ఉంటుంది. ఈ నీళ్లు మాట్లాడవు. వాటి కింద ఊళ్లు ఉన్నాయి. ఇళ్ల గోడలు, చేదబావులు, దారులు. బోటు దారి ఒకచోట సరిగ్గా ఒక ఊరి మీదుగా పోతుంది. అక్కడికి వచ్చినప్పుడు డ్రైవరు మాట ఆపేవాడు. ఎందుకని అడిగితే “కింద ఇండ్లున్నయి గద సారు” అన్నాడు, నిద్రపోయే ఇంటి ముందునుంచి పోతున్నట్టు.

షీట్లు సగం అయ్యాయి. అప్పుడే ఆ దెబ్బ తగిలింది.

ఒక సాయంత్రం, ఇంకా వెలుతురు ఉండగానే, తుంపర పడుతున్న వేళ అతని బోటు జనంతో వస్తోంది. తడవకుండా అందరూ టార్పాలిన్ కింద ముడుచుకున్నారు. నీళ్లు బాగా లోతున్న చోట, ఏ రాయీ రప్పా లేదని అందరికీ తెలిసిన చోట, బోటు దేనికో తగిలి ఒక పక్కకు ఒరిగింది. పలక పగిలింది. ఎవరూ మునగలేదు గాని ఒక ముసలామె మణికట్టు విరిగింది.

మర్నాడు గట్టు మీద విచారణలాంటిది జరిగింది. డ్రైవరు చెప్పిందొక్కటే: “మనిషి నిలవడ్డట్టు కనవడ్డది సారు. తెల్లగ. తప్పియ్యాలని ఇటు తిప్పిన. ఇటే వచ్చింది.”

“ఏంది వచ్చింది?” అన్నారు ఎవరో.

“తెల్వదు.”

“ఎంత తాగినవ్?”

దానికి అతను జవాబు చెప్పలేదు. చెప్పకపోవడమే తప్పయింది. సాయంత్రానికల్లా రెండు గట్ల మీదా అతను సీసాతో పాటే చక్రం పట్టాడని ఖాయమైపోయింది. జనాన్ని ఎక్కించుకోవద్దని ఆఫీసు ఆపేసింది. ఆ నీళ్లలో నిజంగా ఏదైనా ఉంటే దాన్ని షీటులో గుర్తు పెడతారు, అతని లైసెన్సు నిలుస్తుంది. ఏమీ లేకపోతే రద్దు. ఉందో లేదో చూసి చెప్పాల్సింది ఎవరంటే, ఎలాగూ అక్కడే తిరుగుతున్నాను కాబట్టి, నేను.

నన్ను తిప్పడం మాత్రం అతనికి మాన్పించలేదు. మనుషుల్ని ఎక్కించుకోవద్దన్నారు. నేను ఆ లెక్కలోకి రాలేదు.

పగిలిన పలకకు అతుకు వేశాక, తాడుకు సీసపు గుండు కట్టి దెబ్బ తగిలిన చోట చుట్టూ వదిలి చూశాం. గుండు కిందికి పోతూనే ఉంది. గోడ లేదు, గుండు రాయి లేదు, మునిగిన చెట్టు కొమ్మ లేదు. ఆ రోజు, మర్నాడు, ఆ మర్నాడు. ప్రతిసారీ తాడు పైకి లాగుతుంటే అతను నా మొహం చూసేవాడు, దవాఖానలో రిపోర్టు చదివే డాక్టరు మొహాన్ని చూసినట్టు. నేను చెప్పేదేమీ లేక నీళ్లు నమిలేవాణ్ని. చుట్టూ అన్ని నీళ్లుంటే నమలడానికి కొదవేమిటి.

“లేదని రాస్తరా సారు?” అన్నాడు చివరికి.

“ఇంకా రాయలేదు.”

“రాస్తె రాయుండ్రి. మల్ల బొంబాయి బస్సెక్కుత. అయితే ఒకటి. గా ముసలవ్వ చెయ్యి ఇరిగింది నావల్ల గాదు. గది మాత్రం రాయుండ్రి.”

నాకు అతని మాట మీద నమ్మకం ఉందా అంటే, అప్పటికి లేదు. అబద్ధమాడుతున్నాడని కాదు. సముద్రంలో అలిసిన కళ్లకు లేనివి కనబడటం నేను చూశాను. ఒకసారి మా ఓడలో పహరాలో ఉన్న మనిషి ముందు దీపం కనబడుతోందని అరిచి అందర్నీ లేపాడు. అది శుక్రగ్రహం.

ఆ వారంలోనే మేడం షీట్లు చూడటానికి వచ్చింది. గట్టు మీద రేకుల షెడ్డులో ఫొటోలన్నీ బల్ల మీద పరిచాం. నేను ముచ్చటగా ఒక్కో గుర్తూ వివరిస్తున్నాను. ఆమె నా మాట వినడం లేదు. ఒక ఫొటో తీసి ఇంకో ఫొటో పక్కన పెట్టింది.

“సార్, ఈ రెండో షీటుల కుడిగట్టు దగ్గర ‘తెల్లరాయి, బాగా కనిపించును’ అని రాసిండ్రు.”

“అవును. మంచి గుర్తు అది.”

“నాలుగో షీటుల ఎడమగట్టు దగ్గర గూడ రాసిండ్రు.”

“ఇంకో రాయి.”

ఆమె ఫోనులో రెండు ఫొటోలూ పెద్దవి చేసి నా ముందు పెట్టింది. “రెండు రాళ్లకు మెడ దగ్గర ఒకటే వంపా సార్? తల మీద ఒకటే పగులా?”

నేను కళ్లజోడు తుడుచుకున్నాను. మళ్లీ తుడుచుకున్నాను. అద్దాల్లో లోపం లేదు. నిలువుగా, తెల్లగా, మనిషి నడుము నుంచి పైభాగమంత పొడవు, ఒక వైపు కొంచెం వంగిన మెడ. తర్వాత మిగతా ఫొటోలు కూడా వెతికాం. ఇంకో దానిలో, వాగు మూతి దగ్గర, చాలా దూరంలో. ఇంకో దానిలో నేను కొండను తీశాననుకున్నాను, కొండ పాదం దగ్గర అది. ఎక్కడా నేను దాన్ని తీయాలని తీయలేదు. అయినా ప్రతిచోటా నిలబడి ఉంది, పెళ్లి ఫొటోల్లో ఎవరి తరఫు చుట్టమో తెలియని మనిషిలా.

డ్రైవరు తలుపు దగ్గర నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు. “గదే” అన్నాడు అక్కణ్నుంచే.

మా విద్యలో ఇలాంటి తప్పు మావాళ్లే చేయగలరు. చూసినదాన్ని చూసినట్టు, దిక్కుతో, దూరంతో, పద్ధతిగా రాశాను. ఒడ్డుకు దగ్గరగా కనబడింది గనక ఒడ్డుదే అనుకున్నాను. గుర్తు అనేది కదలదని ఎంత గట్టిగా నమ్ముతామంటే, కదిలితే మన దిక్సూచినే అనుమానిస్తాం. నిజానికి నాలుగో షీటు నాడు లెక్క కాస్త తప్పితే నేను దిక్సూచినే తిట్టాను.

మర్నాడు మధ్యాహ్నం, మేము దాన్ని చూశాం.

ఎవరి నీడ వాళ్ల కాళ్ల కింద దూరిన వేళ. పడమటి గాలి ఉంది, నీళ్ల మీద సన్నని ముడతలు తూర్పుకు పోతున్నాయి. మా ముందు కాస్త దూరంలో అది నీళ్లలో నిటారుగా ఉంది. ఎండలో ఎముక తెలుపు. ఊగడం లేదు. నీళ్లలో తేలే ఏ కట్టెనైనా చూడండి, పడుకుని తేలుతుంది, అలకు లేస్తుంది, పడుతుంది. ఇది నిలబడి ఉంది. నేను దిక్సూచి కంటికి ఎత్తి చూశాను. కాసేపాగి మళ్లీ చూశాను. అది కదులుతోంది. ముడతలు తూర్పుకు పోతుంటే అది పడమటికి వస్తోంది.

“గాలికెదురు వస్తుంది సారు” అన్నాడు డ్రైవరు, గొంతు తగ్గించి.

“ఇంజను ఆపు.”

ఆపాడు. ఆపాక అనిపించింది, ఆపమని ఎందుకన్నానా అని. అంత నిశ్శబ్దం నేను ఏ సముద్రంలోనూ వినలేదు. గాలి మమ్మల్ని తూర్పుకు నెడుతోంది. అది మాకేసి వస్తోంది. తొందర లేదు దానికి.

దీనికి కారణం ఉంది, మీకు చెప్పాలి. అది చెట్టు మోడు. వేళ్లలో రాళ్లు పట్టుకుని లేచింది. అడుగు బరువు, పైన బోలు, అందుకని నిలువునా తేలుతుంది. ఒళ్లంతా నీళ్ల కింద ఉంది గనక దాన్ని నడిపేది పైగాలి కాదు, ఆ గాలికి ఎదురుగా అడుగున వెనక్కి మళ్లే నీళ్లు. ఇది ఇప్పుడు నేను ఇంటి వసారాలో కూర్చుని ప్రశాంతంగా రాస్తున్నాను. ఆ పూట అది దగ్గరకొస్తుంటే ఈ కారణాలేవీ నాకు తోడు రాలేదు.

“ఫొటో తీయుండ్రి సారు.”

తీశాను. మొదటిదాంట్లో నా బొటనవేలు పడింది. రెండోదాంట్లో అది ఎండకు ఎంత తెల్లగా మెరిసిందంటే, ఫొటోలో మోడు లేదు, మోడు ఆకారంలో చిల్లు ఉంది. మూడోది కుదిరింది. దిక్కు, దూరం, మట్టం అన్నీ రాసుకున్నాను. డ్రైవరు నా భుజం మీదుగా తొంగి చూసి “పడ్డదా?” అని అడిగాడు. “పడింది” అంటే అతను చేతులు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

అప్పుడు మా బోటు అడుగున చప్పుడైంది. దబ్. మెత్తగా, తలుపు తట్టినట్టు. పైన మోడు ఇంకా బారెడు దూరంలోనే ఉంది. తగిలింది దాని వేళ్లు.

అంత దగ్గరకు వచ్చాక చూశాను, దాని ఒంటి నిండా మేకులు. తుప్పుపట్టి, నల్లబడి, ఒకదాని పక్కన ఒకటి. కొన్ని తలదాకా దిగి ఉన్నాయి, కొన్ని సగమే. చెట్టుకు అన్ని మేకులెవరు కొడతారు? డ్రైవరుకు తెలుసని అతని మొహం చూస్తే అర్థమైంది. అతను ఇంజను లాగాడు. బోటును తిన్నగా గట్టుకు పోనిచ్చాడు.

ఫొటోలు చూసి మేడం సంతోషించింది. “ఇంకేంది సార్, లాక్కొచ్చి గట్టున పడేద్దాం. పొక్లెయినర్ పిలిపిస్త.” పైవాళ్లు కూడా అదే అన్నారట. ఫొటో చాలదు, వస్తువు తేవాలి. పైగా నీళ్లలో తిరుగుతూ ఉంటే రేపు ఇంకో బోటుకు తగలదా? సబబే. కాని గట్టు మీద తాడు పట్టడానికి ఒక్క మనిషీ ముందుకు రాలేదు. ఫొటోలో మేకులు చూసి అందరూ వెనక్కి జరిగారు. గట్టున గుడిసెలు వేసుకుని చేపలు పట్టేవాళ్లయితే “దాన్ని ఈడకు తెస్తే మేం ఈణ్నుంచి లేస్తం” అని చెప్పేశారు.

చెయ్యి విరిగిన ముసలామె అప్పుడు వచ్చింది. మెడకు గుడ్డ వేసి చెయ్యి వేలాడదీసుకుని ఉంది. బోటు దారి కింద మునిగిన ఆ ఊరు ఆమెదే. పైన కట్టించిన కాలనీలో ఉంటుంది ఇప్పుడు. నా ఫోనులో ఫొటో చూసింది. చాలాసేపు చూసింది.

“మా ఊరి మద్ది చెట్టు” అంది. “గాలి సోకినోళ్లను దాని తానకే తోలుకపోయేది. ఎంటికలు మేకుకు సుట్టి, చెట్టుకు గొట్టి, కోసేసేది. పట్టింది గాడనే ఉండిపోతది.”

“ఊరు మునిగేటప్పుడు?” అన్నాను.

“ఇంటి తలుపులు పీక్కున్నం, దూలాలు పీక్కున్నం, దేవుణ్ని ఎత్తుకొచ్చుకున్నం. దాన్ని ఎవరు తెచ్చుకుంటరు సారు?” అని, డ్రైవరు వైపు తిరిగి, “నన్ను దాని తానకు తీస్కపో కొడుకా” అంది.

“నాకు మనుషుల్ని ఎక్కించుకునే హక్కు లేదవ్వా.”

“నేను మనిషినని ఎవరన్నరు? ఇరిగిన సామాను. ఎక్కియ్యి.”

మేడం నదికి వీపు పెట్టి నిలబడింది, తాను ఏమీ చూడటం లేదన్నట్టు. మంచి ఆఫీసరు అవుతుంది ఆ అమ్మాయి.

మోడు వాగు మూతి దగ్గర ఉంది ఆ పూట. దగ్గరకు పోనిచ్చాడు డ్రైవరు. ముసలామె మంచి చెయ్యి చాపి దాన్ని తాకింది. మేకుల మీదుగా వేళ్లు పోనిస్తూ, కళ్లులేని మనిషి మొహం తడిమినట్టు తడిమింది. పగులు కింద ఒక మేకు దగ్గర ఆగింది.

“గిది నాది” అంది.

ఆమే చెప్పింది. “పెండ్లయి వచ్చినంక తొలి పిల్ల పోయింది. ఏడుపు ఆగలే. నెలలు ఆగలే. పట్టిందన్నరు. తెచ్చి గొట్టిండ్రు. గా దినం సంది ఏడ్వలే సారు. మా మొగుడు సచ్చినప్పుడు గూడ కండ్లల్ల నీళ్లు రాలే. ఊర్లె గుండె రాయన్నరు.” మేకును బొటనవేలితో రుద్దింది. “గీడ ఉండె అంతా.”

డ్రైవరు తాడు తీశాడు. ఎవరూ పట్టనన్న తాడును అతనే మోడు మెడ వంపుకు వేసి బిగించాడు. ముడి సరిగ్గా పడింది, నేను చూశాను.

“గట్టుకు తేవద్దు కొడుకా” అంది ముసలామె. “దాని జాగకు పట్టుకపో.”

“యాడుంది దాని జాగ?”

“నాకేం తెలుస్తది? అంతా నీళ్లే గద. ఊరి దిక్కు పో.”

లాగడం మొదలుపెట్టినప్పుడు అది రానంది. తాడు బిగిసింది, బోటు వెనకభాగం కిందికి దిగింది. డ్రైవరు ఇంజను పెంచలేదు, అలాగే ఓపికపట్టాడు. తర్వాత అది కదిలింది. కదిలాక మా వెనకే, మా అంత నిటారుగా వచ్చింది. నేను వెనక్కి చూడకూడదనుకున్నాను. నా ఉద్యోగం చూడటమే కాబట్టి చూశాను. ముసలామె దానికేసే తిరిగి కూర్చుంది.

బోటు దారికి కాస్త పక్కగా, ఊరి శివారు ఉండేదన్న చోటికి వచ్చాం. ఇక్కడా, ఇంకొంచెం ముందా అని ఆమెను అడిగాను. తెలియదని తల ఊపింది. అప్పుడు తాడు వదులైంది. ఇంజను తిరుగుతూనే ఉంది, బోటు ముందుకే పోతోంది, తాడు మాత్రం నీళ్లలోకి జారి మెత్తబడింది. డ్రైవరు గేరు తీశాడు. చూస్తే మోడు మా వెనక రాకుండా, మేము దాన్ని వదిలేసినట్టు కాక అదే మమ్మల్ని వదిలేసినట్టు, ఒకచోట ఆగి ఉంది. మునుపటికన్నా కాస్త కిందికి దిగింది. సీసపు గుండు వదిలి చూశాను. అక్కడ లోతు తక్కువ, కింద మిట్ట. వేళ్లు దేనికో పట్టుకుని ఉండాలి. నేనలాగే రాశాను. అయినా మర్నాడు డ్రైవరూ నేనూ మళ్లీ వచ్చి రాళ్లు కట్టిన ఇనుప గొలుసులు నాలుగు దిక్కులా దించి, మెడకు ఎర్రరంగు పట్టీ వేశాం.

రిపోర్టు రాసేటప్పుడు ఒక గడి దగ్గర ఆగిపోయాను. ఆ వస్తువు స్థిరమా, తేలేదా అని. ఈ రెండూ కానిదానికి జాగా లేదు. చాలాసేపు కలం నోట్లో పెట్టుకుని, చివరికి “కట్టి ఉంచబడినది” అని రాశాను. ఆ గడి వాళ్లు అడిగిన ప్రశ్నకు అది జవాబు కాదని నాకు తెలుసు. రెండో షీటు, నాలుగో షీటు తీసేసి కొత్తవి తయారుచేశాను. ఫొటోలు జతచేశాను. మేడం వాటిని పట్టుకుని పైవాళ్ల దగ్గర ఏం పోట్లాడిందో గాని, డ్రైవరు లైసెన్సు తిరిగి వచ్చింది.

కాగితం వచ్చింది గాని జనం రాలేదు. ఇది మేము ఎవరమూ ఊహించలేదు. మొదటిరోజు పొద్దున అతను ఉతికిన చొక్కా వేసుకుని బోటు తుడిచి నిలబడ్డాడు. గట్టు మీద జనం ఉన్నారు. మూటలు, మేకపిల్లలు, అచ్చంపేట వ్యాపారి ఒకాయన బస్తాలతో. అందరూ పక్క బోటుకేసి చూస్తున్నారు. తాగాడనే మాట పోయింది. ఇప్పుడు వేరే మాట. అది వెతుక్కుంటూ ఇతని బోటుకే ఎందుకు వచ్చింది? ఇతనే దాని మెడకు తాడు వేశాడు కదా? ఎవరూ పైకి అనలేదు. వ్యాపారి మాత్రం “మాకేం తొందర లేదులే” అన్నాడు, చేతి గడియారం చూసుకుంటూ.

డ్రైవరు చక్రం మీద చేయి పెట్టుకుని నీళ్లకేసి చూస్తున్నాడు. ఖాళీ బోటు నడపడానికి లైసెన్సు ఎందుకు?

ముసలామె వచ్చింది. చేతికున్న గుడ్డ తీసేశారు, చెయ్యి ఇంకా వంకరగానే ఉంది. జనం మధ్యలోంచి నడిచి, పలక మీద కాలు పెట్టి, “చెయ్యియ్యి కొడుకా” అంది డ్రైవరుతో. విరిగిన చెయ్యే అతనికి అందించింది. ఎక్కి, ముందు బల్ల మీద కూర్చుని, గట్టుకేసి చూసి, “నిలవడి సూస్తరేంది, నాకే ఇరిగింది గని మీకా?” అంది. ఒకామె నవ్వింది. తర్వాత మూటలు ఎక్కాయి, మేకపిల్లలు ఎక్కాయి, చివరికి వ్యాపారి బస్తాలు, వాటి వెనక వ్యాపారి. నేను కెమెరాతో వెనక కూర్చున్నాను.

ఎండ వచ్చింది. మోడు దూరంగా, ఎర్రపట్టీతో, పెట్టినచోటే ఉంది. దాన్ని దాటేటప్పుడు నేను దిక్సూచి ఎత్తి చూశాను. అణువంత కూడా జరగలేదు. ముసలామె దానికేసి చూస్తూ ఏడుస్తోంది. శబ్దం లేదు, కొంగు అడ్డం పెట్టుకోలేదు. పక్కన కూర్చున్నవాళ్లు చూడనట్టు ఉన్నారు.

మోడు బాగా వెనకబడింది. నది నడుమకు వచ్చాం, లోతున్న చోటికి. అప్పుడు బోటు అడుగున చప్పుడైంది.

దబ్.

మెత్తగా. ఒక్కసారే. మేకపిల్లలు అరవడం ఆపాయి. నేను వెనక్కి తిరిగి చూశాను. ఎర్రపట్టీ దాని చోట అది ఉంది. చుట్టూ నీళ్ల మీద ఏమీ లేదు. డ్రైవరు నాకేసి చూశాడు. నేను ముసలామెకేసి చూశాను.

ఆమె అరచేత్తో చెంపలు తుడుచుకుంది. “మా ఊళ్లె గదొక్క చెట్టే ఉండెనా సారు?” అంది.

బోటు నిండా మనుషులు డ్రైవరు మొహమే చూస్తున్నారు. అతను ఇంజను తగ్గించలేదు, చక్రం తిప్పలేదు. “ఏం లేదు, కూసోండ్రి” అన్నాడు. కూర్చున్నారు. అవతలి గట్టుదాకా అతను కళ్లు నీళ్ల మీదనుంచి తీయలేదు.